సీసా మీద రాసింది, సీసాలో ఉన్నది

(ఒడిశాలోని బరంపురంలో తెలుగు విద్యార్థులు, పరిశోధకుల సమావేశంలో ఒక పెప్టైడ్ రసాయన శాస్త్రవేత్త చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. భంజ విహార్‌లోని యూనివర్సిటీ నుంచి, మెడికల్ కాలేజీ నుంచి, సైన్స్ విద్యాసంస్థ ఐసర్ నుంచి వచ్చిన పిల్లలు కనిపిస్తున్నారు. పర్లాకిమిడి, గుణుపురం వైపు నుంచి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారని చెప్పారు. చాలా సంతోషం. నేరుగా విషయంలోకి వచ్చేస్తాను, ఎందుకంటే చెప్పాల్సింది చాలా ఉంది.

మీలో బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, ఫార్మసీ చదువుతున్నవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు సింథటిక్ పెప్టైడ్, అంటే అమైనో ఆమ్లాలను రసాయనికంగా గొలుసులా అతికించి చేసిన అణువు, కొనక తప్పదు. చిన్న సీసా వస్తుంది. అడుగున తెల్లటి పొడి అంటుకుని ఉంటుంది, ఒక్కోసారి కంటికి కనిపించదు కూడా. దాంతో పాటు ఒక కాగితం, సర్టిఫికెట్ ఆఫ్ అనాలిసిస్. అందులో 'ప్యూరిటీ 98.2 శాతం' అని ఉంటుంది. అది చూసి మనం నిశ్చింతగా సీసా తెరిచి, నీళ్ళు పోసి, కణాల మీద వేసేస్తాం. ఆ మీద రెండేళ్ళు ఆ ఫలితాల చుట్టూ తిరుగుతాం.

ఆ కాగితాన్ని మూడు ప్రశ్నలు అడగాలి. ఇది నేను అడిగిన పెప్టైడేనా? ఇందులో వేరే పెప్టైడ్‌లు ఎంత కలిశాయి? ఈ పొడిలో నిజంగా పెప్టైడ్ బరువు ఎంత? ఈ మూడూ దేనికదే. ఒకదానికి జవాబు దొరికితే మిగతా రెండూ తేలినట్టు కాదు. 98.2 అన్న అంకె రెండో ప్రశ్నకు మాత్రమే జవాబు, అదీ సగం జవాబు. మొదటిదీ మూడోదీ మనమే తేల్చుకోవాలి. ఇవాళ నేను చెప్పేదంతా దీని గురించే.

ముందు ఈ మలినాలు ఎక్కడి నుంచి వస్తాయో చూద్దాం. 1963లో బ్రూస్ మెరిఫీల్డ్ ఒక పద్ధతి ప్రచురించారు. మొదటి అమైనో ఆమ్లాన్ని ప్లాస్టిక్ పూసలాంటి రెజిన్‌కు కట్టేసి, మిగతావాటిని ఒక్కొక్కటిగా దాని మీద అతికించుకుంటూ పోవడం. ప్రతి మెట్టు తర్వాత ద్రావకంతో కడిగేస్తే మిగిలిన రసాయనాలన్నీ కొట్టుకుపోతాయి, పెరుగుతున్న గొలుసు మాత్రం పూసనే పట్టుకుని ఉంటుంది. అంతకుముందు నెలలు పట్టే పని రోజుల్లోకి వచ్చింది. 1969కల్లా ఆయన బృందం 124 అమైనో ఆమ్లాల రైబోన్యూక్లియేజ్ ఎంజైమ్‌ను ఇలాగే కట్టింది. 1984లో ఆయనకు నోబెల్ వచ్చింది. మన జి.ఎన్. రామచంద్రన్ మద్రాసులో పెప్టైడ్ గొలుసు ఏ కోణాల్లో తిరగగలదో, ఏ కోణాల్లో తిరగలేదో పటం గీసి ప్రచురించిందీ 1963లోనే. పెప్టైడ్‌లకు అది మంచి సంవత్సరం.

ఈ పద్ధతిలో ఉన్న సౌకర్యమే దాని ఇబ్బంది కూడా. గొలుసు పూసను పట్టుకుని ఉన్నంతసేపూ మధ్యలో శుద్ధి చేయడానికి వీల్లేదు. ఒక మెట్టులో నూటికి ఒక గొలుసు కొత్త అమైనో ఆమ్లాన్ని అందుకోలేదనుకోండి, అది అక్కడే ఉండి తర్వాతి మెట్టులో తర్వాతిదాన్ని అందుకుంటుంది. మధ్యలో ఒకటి తప్పిపోయిన గొలుసు తయారవుతుంది. చివరిలో అన్నీ కలిసే పూస నుంచి ఊడి వస్తాయి.

లెక్క వేసి చూద్దాం. ఎల్ఎల్-37 అని మన శరీరంలోనే తయారయ్యే పెప్టైడ్ ఉంది. బ్యాక్టీరియాను చంపుతుంది. మైక్రోబయాలజీ పిల్లలు చాలామంది దీని మీద పని చేస్తున్నారు కాబట్టి ఇవాళంతా దీన్నే ఉదాహరణగా తీసుకుంటాను. 37 అమైనో ఆమ్లాలు, అంటే 36 అతుకులు. ప్రతి అతుకూ 99 శాతం సఫలమైతే చివరికి పూర్తి గొలుసు దాదాపు 70 శాతం. ప్రతి అతుకూ 98 శాతమే అయితే 48 శాతం. ఒక్క శాతం తేడా 36 సార్లు పేరుకుంటే సరుకులో సగానికి పైగా పనికిరానిది అవుతుంది. అందుకే పొడవు పెరిగేకొద్దీ ధర అంతగా పెరుగుతుంది, శుద్ధి అంత కష్టమవుతుంది. మరీ చౌకగా ఎవరైనా పొడవాటి పెప్టైడ్ ఇస్తామంటే, ఆ తేడా ఎక్కడ సర్దుకున్నారో అడగండి.

ఇక సర్టిఫికెట్‌లోకి వద్దాం. ప్యూరిటీ అంకె హెచ్‌పీఎల్‌సీ నుంచి వస్తుంది, అంటే కలిసి ఉన్న పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం నుంచి. పదార్థాలను విడదీసే సీ18 కాలమ్, దాని గుండా పోయే నీళ్ళూ అసిటోనైట్రైలూ, అందులో 0.1 శాతం టీఎఫ్ఏ (ట్రైఫ్లోరోఎసిటిక్ ఆమ్లం), 214 లేదా 220 నానోమీటర్ల దగ్గర కొలత. ఆ తరంగదైర్ఘ్యంలో పెప్టైడ్ బంధం కాంతిని పీల్చుకుంటుంది. వచ్చిన శిఖరాలన్నిటి వైశాల్యంలో పెద్ద శిఖరం వైశాల్యం 98.2 శాతం అని ఆ కాగితం చెబుతోంది. అంతే. ఆ పెద్ద శిఖరం ఏ పెప్టైడో హెచ్‌పీఎల్‌సీకి తెలీదు. నీళ్ళు, ఉప్పు, టీఎఫ్ఏ ఎంతున్నాయో ఆ అంకెలో కనిపించదు. గ్రేడియెంట్‌ను నిటారుగా నడిపితే, అంటే అసిటోనైట్రైల్ పాళ్ళు వేగంగా పెంచి పది నిమిషాల్లో పరుగు ముగించేస్తే, పక్కపక్కన విడిగా రావాల్సిన రెండు శిఖరాలు ఒకదాని కింద ఒకటి దాక్కుంటాయి. అందుకని అంకెతో తృప్తి పడకండి. మొత్తం క్రోమటోగ్రామ్ (ఆ శిఖరాల బొమ్మ), కాలమ్ వివరం, గ్రేడియెంట్, తరంగదైర్ఘ్యం, తేదీ, లాట్ నంబర్ (సరుకు తయారైన విడత గుర్తు), అన్నీ అడగండి. మీ సీసా మీద ఉన్న లాట్ నంబరూ క్రోమటోగ్రామ్ మీద ఉన్న లాట్ నంబరూ ఒకటే కావాలి. రెండు వేర్వేరు పెప్టైడ్‌లకు ఇచ్చిన బొమ్మలు పక్కపక్కన పెట్టి చూడండి. అడుగు గీతలోని సన్నటి గరుకు అచ్చంగా ఒకేలా ఉంటే అది ఒకే బొమ్మ. అలాంటి కాగితం ఇచ్చినవాళ్ళ దగ్గర మళ్ళీ కొనకండి.

తర్వాత మాస్ స్పెక్ట్రమ్, అంటే అణువుల ద్రవ్యరాశి కొలత. మొదటి ప్రశ్నకు, ఇది నేను అడిగినదేనా అన్నదానికి, చాలావరకు జవాబు ఇక్కడ ఉంటుంది. కంపెనీ రాసిన సైద్ధాంతిక ద్రవ్యరాశిని నమ్మకండి, సీక్వెన్స్ నుంచి, అంటే అమైనో ఆమ్లాల వరస నుంచి, మీరే లెక్కకట్టండి. ఎల్ఎల్-37 సగటు ద్రవ్యరాశి 4493.3 డాల్టన్లు. ఎలక్ట్రోస్ప్రే పద్ధతిలో ఆ అంకె నేరుగా కనిపించదు, ద్రవ్యరాశిని విద్యుదావేశంతో భాగించిన అంకె కనిపిస్తుంది. నాలుగు ప్రోటాన్లు అంటుకుంటే 1124.3 దగ్గర, అయిదు అంటుకుంటే 899.7 దగ్గర, ఆరు అంటుకుంటే 749.9 దగ్గర శిఖరాలు వస్తాయి. ఈ మూడూ వెనక్కి లెక్కవేస్తే ఒకే అంకెకు రావాలి.

రాకపోతే తేడా ఎంతో చూడండి, ఆ తేడాయే జరిగిందేమిటో చెప్పేస్తుంది. 113 తక్కువైతే ఒక లూసిన్ గానీ ఐసోలూసిన్ గానీ తప్పిపోయింది. 57 తక్కువైతే గ్లైసిన్. 16 ఎక్కువైతే ఆక్సీకరణ, మెథియోనిన్ ఉన్న పెప్టైడ్‌లలో ముందు అనుమానించాల్సింది ఇదే. 56 ఎక్కువైతే తయారీలో కప్పిన టెర్షియరీ బ్యుటైల్ రక్షక సమూహం పూర్తిగా ఊడలేదు. 252 ఎక్కువైతే ఆర్జినిన్ మీద కప్పిన పీబీఎఫ్ అనే రక్షక సమూహం మిగిలిపోయింది. 22 ఎక్కువైతే కంగారు పడకండి, అది సోడియం. ఒక్క డాల్టన్ తేడా దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. చివర ఆమైడ్ అడిగితే ఆమ్లం ఇచ్చారేమో, లేదా ఆస్పరజిన్ నెమ్మదిగా ఆస్పార్టిక్ ఆమ్లంగా మారిందేమో. రెంటిలోనూ తేడా 0.98 డాల్టన్లు. పాత యంత్రం మీద, పొడవాటి పెప్టైడ్‌లో ఆ తేడా తెలీదు. కానీ ఆమైడ్ ఉన్నదీ లేనిదీ విద్యుదావేశంలో ఒకటి తేడా, బ్యాక్టీరియా పొరను అంటుకునే పెప్టైడ్‌లకు అది చిన్న విషయం కాదు.

(సభలో నుంచి ఒక విద్యార్థి: మాస్ సరిపోతే ఇంక అయిపోయినట్టేనా మేడమ్?)

కాదు బాబూ, అసలు చిక్కు అక్కడే ఉంది. మంచి ప్రశ్న అడిగావు.

లూసిన్, ఐసోలూసిన్ బరువు ఒకటే. ఎల్ఎల్-37లో లూసిన్లు నాలుగు, ఐసోలూసిన్లు మూడు. ఒకదాని బదులు ఒకటి పడితే మాస్ కదలదు. లైసిన్, గ్లుటమిన్ మధ్య తేడా 0.04 డాల్టన్ కన్నా తక్కువ. ఎడమ చేతి అమైనో ఆమ్లం బదులు కుడి చేతిది వచ్చినా మాస్ అదే. వీటన్నిటికన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది ఇంకొకటి. మీరంతా కంట్రోల్‌గా, అంటే పోలిక కోసం, స్క్రాంబుల్డ్ పెప్టైడ్ వాడతారు కదా. అవే అమైనో ఆమ్లాలు, వరస మాత్రం కలగాపులగం. అసలు పెప్టైడ్ పని చేయాలి, స్క్రాంబుల్డ్ చేయకూడదు. ఆ రెండు సీసాలూ ఒకే కంపెనీ నుంచి, ఒకే పెట్టెలో, ఒకే రకం లేబుళ్ళతో వస్తాయి. వాటి మాస్ దశాంశాలతో సహా ఒకటే. లేబుళ్ళు తారుమారైతే మీ మాస్ పరీక్ష రెంటినీ పాస్ చేసేస్తుంది. మీ ప్రయోగంలో కంట్రోల్ పని చేస్తుంది, అసలుది పని చేయదు. మీ గైడ్ మీ చేతిపని మీద అనుమానపడతారు. మీరు పడే టెన్షన్‌కు కారణం ఒక స్టిక్కర్.

దీనికి దారి ఎంఎస్ఎంఎస్. గొలుసును యంత్రం లోపలే ముక్కలు చేసి, ముక్కల బరువులు చదవడం. ఒక చివర నుంచి వచ్చే ముక్కలను బీ అయాన్లంటారు, రెండో చివర నుంచి వచ్చేవాటిని వై అయాన్లంటారు. ముక్కకూ ముక్కకూ మధ్య తేడాలు వరసగా చదువుకుంటూ పోతే సీక్వెన్స్ బయటపడుతుంది. అసలుదీ స్క్రాంబుల్డ్‌దీ వెంటనే విడిపోతాయి. హెచ్‌పీఎల్‌సీలో కూడా రెండూ సాధారణంగా వేర్వేరు సమయాల్లో వస్తాయి, కాబట్టి ఎంఎస్ఎంఎస్ దొరకనివాళ్ళు కనీసం రెంటినీ ఒకే రోజు, ఒకే కాలమ్ మీద పరుగెత్తించి ఆ సమయాలు నోట్‌బుక్‌లో రాసుకోండి. తర్వాత కొన్న లాట్‌ను వాటితో పోల్చవచ్చు.

ఇమ్యునాలజీ చేసేవాళ్ళకు ఒక మాట. రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలు చాలా సున్నితమైనవి. ఒక శాతంలో చిన్న భాగం వేరే పెప్టైడ్ కలిసినా అవి గుర్తుపట్టి స్పందిస్తాయి. కొన్న పెప్టైడ్‌లో వేరే పెప్టైడ్ జాడలు కలవడంతో, లేని స్పందన ఉన్నట్టు కనిపించిందని టీకా పరీక్షల ల్యాబ్‌ల నుంచి 2008లోనే పేపర్ వచ్చింది. ఒకే యంత్రం మీద ఉదయం ఒక పెప్టైడ్, సాయంత్రం ఇంకొకటి నడుస్తాయి. అలాంటి పరీక్షల్లో అనుకోని ఫలితం వస్తే, వేరే చోట తయారైన ఇంకో లాట్‌తో మళ్ళీ చేసి చూడకుండా పేపర్ రాయకండి.

ఇప్పుడు మూడో ప్రశ్న. నా దృష్టిలో అందరూ దాటేసేది ఇదే. సీసాలో నిజంగా పెప్టైడ్ ఎంత?

మన గంజాం రైతులందరికీ ఈ సంగతి తెలుసు. మండీకి ధాన్యం తీసుకెళ్తే ముందు తేమ చూస్తారు, 17 శాతం దాటితే పేచీ మొదలవుతుంది. తూకంలో నీళ్ళు ఉంటే అది ధాన్యం కాదని అక్కడ ఎవరికీ వివరించక్కర్లేదు. పెప్టైడ్ పొడి తూకంలోనూ నీళ్ళుంటాయి, నీళ్ళకన్నా ఎక్కువగా టీఎఫ్ఏ ఉంటుంది.

ఎందుకుంటుందంటే, శుద్ధి చేసేది టీఎఫ్ఏ కలిపిన ద్రావకంలో. ఆర్జినిన్, లైసిన్, గొలుసు మొదటి చివర (సీక్వెన్స్ రాసేటప్పుడు ముందు వచ్చే చివర, ఎన్-టెర్మినస్) ఉండే అమైన్, ఇవన్నీ ధనావేశంతో ఉండి ఒక్కొక్కటి ఒక్కో టీఎఫ్ఏ అణువును పట్టుకుంటాయి. ఎల్ఎల్-37లో ఆర్జినిన్లు అయిదు, లైసిన్లు ఆరు, మొదటి చివర ఒకటి, మొత్తం 12. టీఎఫ్ఏ బరువు 114. పన్నెండు పెడితే 1368. 4493 బరువున్న పెప్టైడ్ వెంట 1368 బరువు అంటుకుని వస్తోంది. అంటే పొడిలో పెప్టైడ్ భాగం 77 శాతం లోపే. నీటి తేమ ఇంకా లెక్కలోకి రాలేదు. 5 మి.గ్రా. అని తూచి ఇచ్చిన సీసాలో పెప్టైడ్ 3.8 మి.గ్రా. ఇందులో మోసమేమీ లేదు. 'మొత్తం బరువు' అని చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. మనం చదవం.

ఇప్పుడు ఇంకో అడుగు. రెండో ఏడాది అదే పెప్టైడ్ ఇంకో చోట కొన్నారు. వాళ్ళు హైడ్రోక్లోరైడ్ లవణంగా ఇచ్చారు. 12 హెచ్‌సీఎల్ అణువుల బరువు 438 మాత్రమే. పొడిలో పెప్టైడ్ 91 శాతం, 5 మి.గ్రా. సీసాలో 4.56 మి.గ్రా. రెండు సర్టిఫికెట్ల మీదా ప్యూరిటీ 98 శాతమే. కానీ రెండో సీసాలో పెప్టైడ్ దాదాపు 19 శాతం ఎక్కువ. మీరు రెంటినీ ఒకే కొలతలో కరిగించి, కొత్త లాట్ బాగా పని చేస్తోందని సంబరపడతారు. అక్కడ మారింది లవణం ఒక్కటే.

టీఎఫ్ఏ తూకంతో ఆగదు. ఎముక కణాల పెరుగుదలను అతి తక్కువ గాఢతలో కూడా టీఎఫ్ఏ తగ్గిస్తుందని 1999లో ప్రచురించారు. కణాల మీద పని చేసేవాళ్ళు ఎసిటేట్ గానీ హైడ్రోక్లోరైడ్ గానీ అడగండి. టీఎఫ్ఏ లవణమే వాడాల్సి వస్తే అంతే టీఎఫ్ఏ ఉన్న కంట్రోల్ కూడా పెట్టండి. అసలు పెప్టైడ్ ఒక లవణంగా, స్క్రాంబుల్డ్ ఇంకో లవణంగా మాత్రం ఎప్పుడూ కొనకండి.

పెప్టైడ్ అసలు బరువు కొలవడానికి అందరూ ఒప్పుకునే పద్ధతి అమైనో ఆమ్లాల విశ్లేషణ. 6 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 110 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉడికిస్తే గొలుసు అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది, వాటిని కొలుస్తాం. ట్రిప్టోఫాన్ ఆ ఆమ్లంలో నాశనమవుతుంది, ఆస్పరజిన్, గ్లుటమిన్ ఆమ్లాలుగా మారిపోతాయి. అయినా మిగతావాటి నుంచి లెక్క బాగానే వస్తుంది.

అది అందుబాటులో లేకపోతే ఒక దారి చెబుతాను, కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌లో సీహెచ్‌ఎన్ ఎనలైజర్ (కార్బన్, హైడ్రోజన్, నత్రజని శాతాలు కొలిచే యంత్రం) ఉన్న చోటల్లా చేయవచ్చు. నత్రజని శాతం చూడండి. నీటిలో నత్రజని లేదు, టీఎఫ్ఏలో లేదు, ఎసిటేట్‌లో లేదు. పెప్టైడ్‌లో మాత్రమే ఉంది. ఎల్ఎల్-37 ఒక్క అణువులో 60 నత్రజని పరమాణువులు, బరువులో 18.7 శాతం. మీ పొడిలో 14.3 శాతం వచ్చిందంటే పెప్టైడ్ 76 శాతం అన్నమాట. ఒకటి రెండు మిల్లీగ్రాములు ఖర్చవుతుంది, ఖరీదైన పెప్టైడ్‌కు ప్రాణం ఉసూరుమంటుంది, నాకు తెలుసు. కానీ దాని మీద రెండేళ్ళ పని నిలబెట్టబోతున్నప్పుడు అది పెద్ద ఖర్చు కాదు. అమ్మోనియం లవణాలు ఉండే అవకాశం ఉంటే మాత్రం ఈ లెక్క చెల్లదు, వాటిలోనూ నత్రజని ఉంది.

ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుంటుందో కొలిచే నానోడ్రాప్ యంత్రం మీద 280 నానోమీటర్ల దగ్గర చూసేస్తామంటారు కొందరు. ఆ తరంగదైర్ఘ్యం దగ్గర వెలుగును పీల్చుకునేవి ముఖ్యంగా ట్రిప్టోఫాన్, టైరోసిన్. ఎల్ఎల్-37లో రెండూ లేవు. యంత్రం దాదాపు సున్నా చూపిస్తుంది, సీసా ఖాళీ అనుకుని కంపెనీకి ఘాటుగా మెయిల్ పెడతారు. ముందు సీక్వెన్స్ చదవండి.

కొలత విలువ ఏమిటో ఒక ఉదాహరణ చెబుతాను. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మీకందరికీ తెలుసు. ఆయన మొదట పేరు తెచ్చుకున్నది మందుల వల్ల కాదు, 1925లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే రంగు పద్ధతి కనిపెట్టడం వల్ల. ఆ కొలత చేతిలో ఉండబట్టే కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని వాళ్ళు పట్టుకోగలిగారు. మన పిల్లలు ఆయన బొమ్మకు దండ వేసి ఊరుకోకుండా ఆ పేపర్ ఒక్కసారి చదవాలని నా కోరిక.

కొనడం గురించి. ప్రభుత్వ సంస్థల్లో ఉన్నవాళ్ళకు కష్టం ఏమిటో నాకు తెలుసు. ప్రభుత్వ కొనుగోళ్ళ జెమ్ పోర్టల్, మూడు కొటేషన్లు, ఎల్1 అంటే తక్కువ ధర వేసినవాళ్ళకే ఆర్డర్. అకౌంట్స్ సెక్షన్‌ను తిట్టుకుని లాభం లేదు. వాళ్ళు మీ ఇండెంట్‌లో రాసినదాన్నే కొంటారు. 'ఎల్ఎల్-37, 5 మి.గ్రా., 98 శాతం' అని రాస్తే, ఆ మూడు మాటలకు సరిపోయే ఏ చెత్తనైనా చట్టబద్ధంగా ఇవ్వవచ్చు. పూర్తి సీక్వెన్స్ మొదటి చివర నుంచి రాయండి. రెండు చివర్లూ స్వేచ్ఛగా ఉండాలో, ఎసిటైల్, ఆమైడ్ కావాలో రాయండి. లవణం పేరు రాయండి. బరువు మొత్తం బరువా, నికర పెప్టైడ్ బరువా రాయండి. అమైనో ఆమ్లాల విశ్లేషణతో నికర శాతం ఇవ్వాలని రాయండి. మీరు అందుకునే లాట్‌కే చెందిన హెచ్‌పీఎల్‌సీ, మాస్ ముడి డేటా ఇవ్వాలని, మొత్తం సరుకు ఒకే లాట్‌లో, 1 మి.గ్రా. చొప్పున విడి సీసాల్లో ఉండాలని, మన పరీక్షలో మాస్ సరిపోకపోతే వాపసు తీసుకోవాలని రాయండి. అప్పుడు ఎల్1 వచ్చినా భయం లేదు. కొటేషన్ ఇచ్చినవాళ్ళు తయారీదారులా, ఎక్కడి నుంచో తెప్పించి లేబుల్ మార్చి ఇచ్చేవాళ్ళా అని ఫోన్ చేసి అడగండి. వ్యాపారులైతే తప్పేం లేదు, ఎక్కడ తయారైందో చెప్పగలిగితే చాలు. చెప్పనివాళ్ళను వదిలేయండి.

థీసిస్ మొత్తానికి ఎంత కావాలో ముందే లెక్కవేసి ఒకే లాట్ కొనండి. విడతలవారీగా కొంటే ప్రతి విడతా కొత్త పరీక్షే.

సరుకు వచ్చాక. మనది సముద్రపు గాలి. గోపాలపురం నుంచి వచ్చే ఆ తేమ జులై, ఆగస్టుల్లో ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఫ్రీజర్‌లోంచి తీసిన చల్లటి సీసా వెంటనే తెరిస్తే గాలిలోని నీరంతా పొడి మీదే కూర్చుంటుంది. సీసాను సిలికా జెల్ ఉన్న డెసికేటర్‌లో పెట్టి గది వేడికి రానిచ్చి అప్పుడే మూత తీయండి. ఒక్కసారి కరిగించి, చిన్న చిన్న భాగాలుగా పంచి, మళ్ళీ గడ్డకట్టించండి. కరిగించడం, గడ్డకట్టించడం పదే పదే చేయకండి. మంచు దానంతటదే కరిగించుకునే ఇంటి ఫ్రిజ్‌లలో పెట్టకండి, అవి రోజూ వేడెక్కి చల్లబడతాయి. సిస్టీన్, మెథియోనిన్ ఉన్నవాటిని డీఎంఎస్ఓ అనే ద్రావకంలో కరిగించకండి, ఆక్సీకరణ చెందుతాయి. ధనావేశం ఎక్కువున్నవి నీటిలోనో పలుచని ఎసిటిక్ ఆమ్లంలోనో కరుగుతాయి. అలాంటివి ప్లాస్టిక్ గోడలకు అతుక్కుంటాయి కూడా, అందుకని లో-బైండ్ ట్యూబులు వాడండి. ఫిల్టర్ చేస్తే ఎంత పోయిందో మళ్ళీ కొలవండి.

తుపాన్ల మాట కూడా చెప్పాలి. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గరే తీరం దాటింది. ఏడాది తర్వాత సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్ విశాఖను కొట్టింది. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటి, గజపతి జిల్లాను ముంచింది. కాబట్టి ఖరీదైన ఆర్డర్లు అక్టోబరులో చేరేలా పెట్టుకోకండి. మూత బిగించి ఉన్న పొడి కొద్ది రోజులు కరెంటు లేకపోయినా సాధారణంగా తట్టుకుంటుంది. ద్రావణాలు తట్టుకోవు. ఫ్రీజర్‌లో ఒక చిన్న డబ్బాలో నీళ్ళు గడ్డకట్టించి, మంచు మీద ఒక రూపాయి బిళ్ళ పెట్టి ఉంచండి. తిరిగి వచ్చేసరికి బిళ్ళ అడుగున ఉంటే, మధ్యలో అంతా కరిగి మళ్ళీ గడ్డకట్టిందని తెలుస్తుంది.

(ఒక విద్యార్థిని: ఎండోటాక్సిన్ పరీక్ష కూడా అవసరమా మేడమ్? కెమికల్‌గా చేసిందే కదా.)

అవసరమే అమ్మా. ఎండోటాక్సిన్ అంటే కొన్ని బ్యాక్టీరియాల పైపొరలో ఉండే విష పదార్థం. పెప్టైడ్ తయారీలో బ్యాక్టీరియా లేకపోయినా, కడిగిన నీటిలో, కాలమ్‌లో ఉండవచ్చు. రక్త కణాల మీద, మాక్రోఫేజ్‌ల మీద పని చేసేవాళ్ళకు పికోగ్రాముల ఎండోటాక్సిన్ కూడా పెద్ద స్పందన ఇస్తుంది. ఎండోటాక్సిన్‌ను పట్టే ఎల్ఏఎల్ పరీక్షకు కావలసింది గుర్రపు నాడా పీత రక్తం నుంచి తీస్తారు. ఆ పీతలకు దగ్గరి బంధువైన మరో జాతి మన ఒడిశాలోనే బాలేశ్వర్ తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తుంది, వీలైతే వెళ్ళి చూడండి. ఒక హెచ్చరిక. ఎల్ఎల్-37 లాంటివి ఎండోటాక్సిన్‌ను తామే పట్టుకుంటాయి. దాంతో పరీక్షలో ఏమీ లేనట్టు కనిపించవచ్చు. అందుకని తెలిసిన మోతాదు ఎండోటాక్సిన్ మీరే కలిపి, అది తిరిగి పూర్తిగా కనబడుతోందో లేదో చూడండి.

ఇదే చోట ఇంకో మాట గట్టిగా చెప్పాలి. జిమ్‌కు వెళ్ళే కుర్రాళ్ళు బీపీసీ-157 లాంటి పెప్టైడ్‌లు ఆన్‌లైన్‌లో తెప్పించుకుని పొడుచుకుంటున్నారు. సీసా మీద 'పరిశోధన కోసం మాత్రమే' అని ఉంటుంది. బీపీసీ-157ను ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 2022 నుంచి నిషేధిత జాబితాలో పెట్టింది. ల్యాబ్ పెప్టైడ్‌లను మనుషుల కోసం తయారు చేయరు, సూక్ష్మక్రిములు లేవని ఎవరూ హామీ ఇవ్వరు. మీరు సైన్స్ చదువుతున్నారని మీ స్నేహితులు వచ్చి సలహా అడుగుతారు. వద్దని చెప్పండి. మొహమాట పడకండి. ల్యాబ్ సీసా ఒక్కటి కూడా బయటికి ఇవ్వకండి.

(ఇంకో విద్యార్థి: మా కాలేజీలో మాస్ స్పెక్ లేదు, హెచ్‌పీఎల్‌సీ కూడా ఒక్కోసారి నడవదు. మేమేం చెయ్యాలి?)

బయటికి పంపించు నాయనా, అది చిన్నతనం కాదు. ఐ-స్టెమ్ పోర్టల్ 2020 నుంచి ఉంది. దేశంలో ఏ సంస్థలో ఏ యంత్రం ఉందో, ఎలా బుక్ చేసుకోవాలో అందులో ఉంటుంది. కేంద్ర సైన్స్ శాఖ నడిపే సైఫ్ కేంద్రాల్లో విద్యార్థుల నమూనాలు తీసుకుంటారు. ముందు ఇక్కడి ఐసర్‌లో, యూనివర్సిటీలో అడుగు. హైదరాబాద్‌లో కూడా ఉన్నాయి. మాస్‌కు 100 మైక్రోగ్రాములు చాలు. పొడిగానే పంపు, కరిగించి పంపకు. అసలుదీ స్క్రాంబుల్డ్‌దీ రెండూ పంపు, కానీ ట్యూబుల మీద పేర్లు వద్దు, ఏ, బీ అని రాయి. ఏది ఏదో నీ నోట్‌బుక్‌లోనే ఉండాలి. ఎంఎస్ఎంఎస్ కావాలని ఫారంలో స్పష్టంగా రాయి, లేకపోతే మామూలు మాస్ చేసి పంపేస్తారు. పీడీఎఫ్ బొమ్మతో పాటు ముడి ఫైల్ అడుగు. ట్యూబు మీద మార్కర్‌తో రాస్తే అసిటోనైట్రైల్ తగిలి చెరిగిపోతుంది, పెన్సిల్‌తో రాసి పైన టేపు వెయ్యి. రిపోర్టు వచ్చేదాకా మిగతా సీసాలు తెరవకు. ఫ్రీజర్‌లోనే ఉండనీ.